కాపురంలోని ప్రేమ మీద కవితను ఎలా విశ్లేషించాలి

విరహం ఉన్న కవిత మీద రాయమంటే ఎవరైనా రెండు పేజీలు నింపేస్తారు. ఎడబాటు ఉంటుంది, కన్నీళ్ళుంటాయి, వెన్నెల కాలుస్తూ ఉంటుంది, ఇక పెన్ను దానంతటదే నడుస్తుంది. మొగుడూ పెళ్ళాం ఒకే ఇంట్లో, ఏ గొడవా లేకుండా, పొయ్యి దగ్గర కనిపించే కవిత ఇస్తేనే చిక్కు. "దంపతుల అన్యోన్యతను కవి చక్కగా వర్ణించాడు" అని ఒక వాక్యం పడ్డాక ఇంకేం రాయాలో తోచదు.

మహారాష్ట్రలో తెలంగాణ హద్దును ఆనుకున్న నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పరీక్షలో కవిత ఇచ్చి 'రసగ్రహణ్', అంటే అందులోని అందాన్ని విడమరిచి రాయడం, చేయమంటారు. గైడులో ఉన్న మాటలే అందరూ అప్పజెబుతారు. ఆ గైడు అక్కర్లేకుండా ఎలా రాయాలో ఒక పద్యం పట్టుకుని వరసగా చూద్దాం. డిగ్రీ పిల్లలకైనా, ఊరికే కవిత్వం చదువుకునేవాళ్ళకైనా పద్ధతి ఇదే.

పద్యం దూరం నుంచి తెచ్చింది కాదు. మన గోదావరి నాందేడ్‌కి రాకముందే పైఠణ్ మీదుగా వస్తుంది. సాతవాహనుల కాలంలో అదే ప్రతిష్ఠానపురం. సాతవాహన రాజు హాలుని పేరుతో ఉన్న గాథాసప్తశతిలో మహారాష్ట్రీ ప్రాకృతంలో చెప్పిన సుమారు 700 గాథలు, అంటే రెండేసి పాదాల చిన్న పద్యాలు, ఉన్నాయి. పల్లెటూళ్ళు, పొలాలు, అత్తాకోడళ్ళు, ఇరుగుపొరుగు, మళ్ళీ మళ్ళీ గోదావరి. ఇది మా భాషకు మూలమని మరాఠీవాళ్ళు, ఇందులో మా మాటలున్నాయని తెలుగువాళ్ళు వాదించుకుంటూనే ఉంటారు. హద్దు మీద ఉన్న మనకు ఆ పేచీ అక్కర్లేదు, రెండు వైపుల వాటా మనదే. మొదటి వందలో 13వ గాథ ఇది:

ఘరిణీఅ మహాణసకమ్మలగ్గమసిమఇలిఏణ హత్థేణ
ఛిత్తం ముహం హసిజ్జఇ చందావత్థం గఅం పఇణా

తెలుగులో ఇంతే: వంట పనిలో మసి అంటిన చేత్తో ఇల్లాలు ముఖం తాకింది. ఆ ముఖం చంద్రుడి స్థితికి చేరింది. దాన్ని చూసి భర్త నవ్వుతున్నాడు.

మొదటి పని: నోటికి తెచ్చుకోండి

అర్థం వెతకడానికి ముందు నాలుగైదుసార్లు పైకి చదవండి. లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున మాత్రలు లెక్కేయండి. పాదం చివర లఘువు ఉంటే గురువుగా తీసుకోవాలి. మొదటి పాదం 30, రెండోది 27, మొత్తం 57 మాత్రలు. గాథకు ఉన్న చోటు అంతే. అంత ఇరుకులో వంటిల్లు, మసి, చెయ్యి, ముఖం, నవ్వు, చంద్రుడు, భర్త అన్నీ సర్దాలి. మొదటి పాదంలో ఎక్కువ భాగం ఒకే పొడుగాటి సమాసం, వంటపనిని మోస్తున్న సమాసం. రెండో పాదం చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. చదువుతుంటే పని బరువు ముందు తగులుతుంది, ఆ తర్వాత నవ్వు దగ్గర ఊపిరి తేలికపడుతుంది. ఛందస్సు మార్కుల కోసం రాసే నాలుగు ముక్కల కంటే ఈ ఒక్క గమనిక విలువైనది.

రెండో పని: ఏం జరిగిందో ఒక వాక్యంలో, విశేషణం లేకుండా

"అందమైన", "ముగ్ధ", "ప్రేమమూర్తి" లాంటి మాటలు లేకుండా జరిగింది మాత్రం రాయండి. ఆమె వంట చేస్తోంది. చేతికి మసి అంటింది. ఆ చెయ్యి ముఖానికి తగిలింది. ఆయన నవ్వుతున్నాడు.

రాశాక దీన్ని పక్కింటావిడకు చెప్పి చూడండి. "అయితే?" అంటుంది. ఆ 'అయితే'కు జవాబే మీ వ్యాసం. పెద్ద సంఘటన ఉన్న కవితలో సంఘటనే సగం పని చేసిపెడుతుంది. ఇక్కడ ఆ సాయం లేదు కాబట్టి కవి ఏదో చేసి ఉండాలి. ఏం చేశాడన్నది వెతకడమే మన పని.

గ్యాస్ పొయ్యి ఇంట్లో పెరిగిన పిల్లలైతే ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేయాలి. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసే ఇళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళో ఒకటో రెండో ఉంటాయి. అక్కడ పెనం అడుగున వేలు పెట్టి చూడండి. ఆ మసి పొడి బట్టతో తుడిస్తే పోదు, ఇంకా పాకుతుంది. రొట్టె తట్టే ఆడమనిషి చెమట పడితే అరచేత్తో తుడుచుకోదు, పిండి అంటుతుందని మోచేతి పైభాగంతోనో, భుజం వంచి పైటతోనో తుడుచుకుంటుంది. అంటే చెయ్యి ముఖానికి తగలకుండా ఉండాలన్న జాగ్రత్త ఆమెకు అలవాటే. గాథలో ఆ జాగ్రత్త తప్పింది. ఎందుకు తప్పిందో కవి చెప్పలేదు. వెంట్రుకలు కళ్ళలో పడ్డాయో, పొగకు కళ్ళు మండాయో, ఎవరో పిలిచారో. మీరు కూడా తేల్చేయకండి, చెప్పలేదని మాత్రం రాయండి. పని ధ్యాసలో జరిగిందన్నంత వరకు పద్యమే చెబుతోంది, అది చాలు.

మూడో పని: ఎవరు చూస్తున్నారు?

విద్యార్థులు ఎక్కువగా వదిలేసే ప్రశ్న ఇదే. గాథలో 'నేను' లేదు. భర్త తన భార్య గురించి చెప్పుకోవడం లేదు, భార్య భర్త గురించి చెప్పడం లేదు. మూడో మనిషెవరో చూసి చెబుతున్నారు. ఆ మనిషి చెలికత్తె కావచ్చు, పొరుగింటి ఆడమనిషి కావచ్చు. పాత వ్యాఖ్యాతలు ప్రతి గాథకూ "ఇది ఫలానావారు ఫలానావారితో అన్నది" అని ఒక సందర్భం కడతారు. ఈ సంకలనంలో చాటుమాటు ప్రేమలు, సంకేత స్థలాలు, దూతికలు మెండు, అందుకే వాళ్ళు పైకి కనిపించే మాట వెనకాల ఇంకో మాట వెతుకుతారు. ఆ అలవాటు ఆ గాథలకు సరిపోతుంది. దీనికి మాత్రం తగిలించకండి. వంటింట్లో మసి అంటిందంటే వంటింట్లో మసి అంటిందనే.

మూడో మనిషి చెప్పడం వల్ల ఏం ఒరిగింది? తృప్తిగా ఉన్నవాళ్ళు మేం తృప్తిగా ఉన్నామని చెప్పుకుంటే వినేవాడికి అనుమానం వస్తుంది. పక్కవాళ్ళు చూసి చెబితే నమ్మబుద్ధి అవుతుంది. ప్రేమను చాటుకునే కవితకూ, ప్రేమ బయటపడిపోయే కవితకూ ఉన్న తేడా అక్కడుంది. మీకు ఏ కవిత ఇచ్చినా ఈ ప్రశ్న వేసుకోండి: ఇందులో ప్రేమ సంగతి తెలిసినవాళ్ళెవరు, చెబుతున్నవాళ్ళెవరు?

నాలుగో పని: మొదటి మాట, చివరి మాట

మూల పద్యం మళ్ళీ చూడండి. మొదటి మాట 'ఘరిణీఅ', ఇల్లాలిది. చివరి మాట 'పఇణా', భర్తది. పద్యానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మధ్యలో వంట, మసి, చెయ్యి, ముఖం, నవ్వు, చంద్రుడు. నవ్వు ముందే వినిపిస్తుంది, నవ్వింది ఎవరో ఆఖరి మాట దాకా తెలియదు. అత్త నవ్వి ఉంటే? తోడికోడలు నవ్వి ఉంటే? అదే మసి, అదే నవ్వు ఎత్తిపొడుపు అయ్యేది. చివరి మాట రాగానే నవ్వు రంగు మారిపోతుంది.

అనువాదం మాత్రమే చదివితే ఇది పోతుంది. పైన నేనిచ్చిన తెలుగు వాక్యాల్లోనే పోయింది చూడండి, భర్త నవ్వు కంటే ముందే వచ్చేశాడు. అందుకే ప్రాకృతం రాకపోయినా మూలాన్ని పక్కన పెట్టుకుని, ఏ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూడాలి. మరాఠీలో స. ఆ. జోగళేకర్ చేసిన గాథాసప్తశతి ఉంది. తెలుగులో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ పద్యాల్లో చేసిన సారం ఉంది. శ్రీనాథుడు కూడా నూనూగు మీసాల వయసులో శాలివాహన సప్తశతి చెప్పానని కాశీఖండంలో రాసుకున్నాడు గానీ ఆ పుస్తకం మనకు దక్కలేదు.

ఐదో పని: పోలికను తిరగేసి చూడండి

ముఖం చంద్రుడిలా ఉందనడం అరిగిపోయిన మాట. సినిమా పాటల్లో దాన్ని ఎంత అరగదీశారంటే ఇప్పుడు ఎవరైనా అంటే నవ్వొస్తుంది. ఈ గాథ కవికి కూడా అది పాతమాటే అయి ఉండాలి, లేకపోతే ఈ చమత్కారం కుదరదు. మామూలుగా పోలిక దేనితో మొదలవుతుంది? ముఖంలోని కాంతితో. చంద్రుడిలోని మచ్చను కవులు తెలివిగా దాటేస్తారు, లేదా "చంద్రుడికైనా మచ్చ ఉంది, ఈమెకు అదీ లేదు" అని పొగుడుతారు. ఇక్కడ అది తలకిందులైంది. మసి అంటాకే ఆమె ముఖం చంద్రుడయింది.

కవి ముఖమంతా నల్లబడిందనలేదన్నది కూడా చూడండి. చంద్రుడి స్థితి అన్నాడు కాబట్టి అది మచ్చంతే, మిగతాదంతా వెలుగే. పొగడ్త అక్కడ దాక్కుని ఉంది. "నీ ముఖం వెలిగిపోతోంది" అని ఎవరూ అనలేదు. మచ్చ గురించి మాట్లాడితే వెలుగు దానంతటదే వచ్చింది.

ఆరో పని: ఆ నవ్వును నిలదీయండి

అసలు విశ్లేషణ ఇక్కడే. ఆయన నవ్వు వేళాకోళమా, మురిపెమా? "ప్రేమతో నవ్వాడు" అని రాసి పక్కకు తప్పుకోకండి. పద్యంలో 'ప్రేమతో' అన్న మాట లేదు. అయినా చదివినవాళ్ళందరికీ ఆ నవ్వు మంచిదే అనిపిస్తుంది. ఎందుకనిపిస్తుందో చూపించాలి.

ముందు దూరం చూడండి. మచ్చంత మసి కనిపించాలంటే ఆయన దగ్గరలోనే ఉండాలి, ఆమె ముఖం వైపే చూస్తూ ఉండాలి. అన్నం పెట్టే వేళకు వచ్చి కూర్చుని తినేసి వెళ్ళే మనిషికి పెళ్ళాం ముఖం మీద ఏముందో కనిపించదు. ఈయనకు కనిపించింది. తర్వాత, నవ్వు దేన్ని చూసి? వంట ఆలస్యమైందనో, ఆమె చేతకానితనం చూసో కాదు. చంద్రుడిలా అయిన ముఖాన్ని చూసి. కవి పోలికను, భర్త చూపును పక్కపక్కనే పెట్టడంతో ఆ పోలిక తట్టింది కవికా, భర్తకా అన్నది తేలకుండా పోయింది. భర్తకే తట్టి ఉంటే ఎగతాళి చేసే మనిషికి చంద్రుడు తడతాడా? కాలం కూడా చూడండి. 'హసిజ్జఇ' వర్తమానం. నవ్వాడు, అయిపోయింది అని కాదు, ఇంకా నవ్వు నడుస్తోంది.

ఇక లేనివాటి లెక్క. కాపురంలోని తృప్తిని చూపించే కవితలో లేనివి కూడా సాక్ష్యమే. ఇందులో నగ లేదు, పూలు లేవు, పానుపు లేదు, అలక లేదు, బుజ్జగింపు లేదు. క్షమాపణ కూడా లేదు. మసి తుడుచుకుందన్న మాట లేదు. ఆమె సిగ్గుపడిందనీ లేదు. ప్రేమ కవితల సరంజామా అంతా తీసేసి పొయ్యి ఒక్కటే ఉంచాడు.

ఇక్కడే ఒక హద్దు పాటించండి. ఆమె ఏమనుకుందో గాథ చెప్పలేదు. "ఆమె కూడా నవ్వింది" అని రాస్తే అది మీ కవిత అవుతుంది. మసి అంటింది ఆమెకు, నవ్వింది ఆయన, పొయ్యి దగ్గర పని ఆమె ఒక్కదానిదే. ఈ మాట అడిగే విద్యార్థిని, చాలాసార్లు అడిగేది అమ్మాయిలే, గదమాయించి కూర్చోబెట్టకండి. అది సరైన ప్రశ్న. నా మటుకు గాథలోని తృప్తి నిజమైనదే, కానీ ఒక వైపు నుంచి కనిపిస్తున్న తృప్తి. రెండూ రాస్తే వ్యాసం బలపడుతుంది, కవిత చిన్నబోదు. కాకపోతే ఇంకో కొసకు పోయి, నవ్వు వెనక అణచివేతే ఉందని తీర్పు చెప్పాలన్నా పద్యంలో ఆధారం కావాలి. మాట పట్టుకుని చూపించగలిగితే రాయండి, లేదంటే వద్దు.

పాత లక్షణాల మాటలు ఎంతవరకు

శృంగారంలో ఇది విప్రలంభం కాదు, సంభోగం. ఎడబాటు లేదు, కలిసి ఉన్నారు, తోడుగా హాస్యం. నాయిక స్వీయ, అంటే సొంత భార్య. అష్టవిధ నాయికల్లో దగ్గరగా వచ్చేది స్వాధీనపతిక, అంటే భర్త తన చెప్పుచేతల్లో ఉన్న నాయిక. ఈ నాలుగు మాటలు ఒక పేరాలో ముగించండి, పరీక్ష దిద్దేవాళ్ళకు అంతకన్నా అక్కర్లేదు. అయితే ఒక ముక్క చేర్చండి: స్వాధీనపతికకు భర్త తన చేత్తో తిలకం దిద్దుతాడు, పూలు ముడుస్తాడు. ఈ ఇల్లాలికి ఎవరూ ఏమీ దిద్దలేదు. ఆమె ముఖాన బొట్టు పెట్టింది మసే.

ఏడో పని: పక్కన ఇంకొకటి పెట్టండి

ఒక్క కవితను ఎంతసేపు చూసినా కొన్ని సంగతులు పట్టుబడవు. పక్కన వేరొకటి పెడితే వెంటనే తేలతాయి. గురజాడ 'కాసులు' తీసుకోండి. మరులు వయసుతోపాటే మరలిపోతాయని, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా మాయామర్మం లేని నేస్తమే బతుకు సుఖానికి దారి అని అందులో నేరుగా చెబుతాడు. అక్కడ కాపురం గురించిన ఆలోచన ఉంది, వాదన ఉంది, మీరు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. గాథలో వాదనే లేదు. ఒకటి చెబుతుంది, ఒకటి చూపిస్తుంది. ఏది గొప్పదన్న పోటీ పెట్టకండి. వాదించే కవితకు వాదాన్ని పరీక్షించాలి, చూపించే కవితకు చూపును పరీక్షించాలి.

మరాఠీ మీడియం పిల్లలైతే బహిణాబాయి చౌధరి సంసారం పాట ఎలాగూ తెలుసు. 1951లో చనిపోయిన ఈ ఖాందేశ్ (ఉత్తర మహారాష్ట్ర) కవయిత్రికి చదువు రాదు, పాటలు మరుసటి ఏడాది అచ్చయ్యాయి. ఆమె సంసారాన్ని పొయ్యి మీద పెనం అంటుంది. ముందు చేతులు కాలతాయి, తర్వాతే రొట్టె. ఇక్కడా పొయ్యే, అక్కడా పొయ్యే. గాథలో పొయ్యిని బయటి మనిషి చూస్తున్నాడు, బహిణాబాయి పాటలో పొయ్యి ముందు కూర్చున్న మనిషే మాట్లాడుతోంది. అందుకే ఒకదానిలో చేతికి మసి అంటింది, ఇంకోదానిలో చెయ్యి కాలింది. పైన అమ్మాయిలు అడిగే ప్రశ్నకు ఈ పాట సగం జవాబు.

రాయడం

వ్యాసం మొదటి సగంలో 'ప్రేమ' అన్న మాట వాడకూడదని మీకు మీరే షరతు పెట్టుకోండి. గాథ కవి వాడలేదు, మీకెందుకు? 'అన్యోన్యత', 'ఆదర్శ దాంపత్యం', 'స్వచ్ఛమైన' కూడా ఆ జాబితాలోనే. ఈ మాటలు తీసేస్తే చెయ్యి, మసి, ముఖం గురించి రాయక తప్పదు. మొదటి పేరా ఇలా మొదలు కావచ్చు:

"ఈ గాథ ఇల్లాలితో మొదలై భర్తతో ముగుస్తుంది. ఇద్దరి మధ్య ఉన్నది వంటపని, ఆ పనిలో అంటిన మసి. ముఖాన్ని చంద్రుడితో పోల్చడానికి కవులు వాడే కాంతిని ఈ కవి పక్కన పెట్టి, మచ్చతో మొదలుపెట్టాడు. నవ్వింది ఎవరో చివరి మాట దాకా దాచడం వల్ల, ఎత్తిపొడుపు కావలసిన నవ్వు చనువుగా మారింది."

ఇందులో ప్రతి వాక్యానికీ పద్యంలో వేలు పెట్టి చూపించగల చోటుంది. మీరు రాసిన దాంట్లో అలా చూపించలేని వాక్యం కనిపిస్తే కొట్టేయండి. పది మార్కుల ప్రశ్నకు నాలుగు పేరాలు చాలు: ఏం జరిగింది, ఎవరు చెప్పారు, పోలిక, నవ్వు. సమయం మిగిలితే రెండో కవిత. లక్షణాల పేరా అన్నిటికన్నా ఆఖర్న.

ఇక సొంతంగా సాధన చేయడానికి పుస్తకం కూడా అక్కర్లేదు, ఉఖాణా చాలు. మరాఠీ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు భర్త పేరు ఊరికే చెప్పదు, రెండు పాదాల ప్రాసలో ఇరికించి చెబుతుంది. మన ఇళ్ళలో ఆడబిడ్డ వాకిలికి అడ్డం నిలబడి పేరు చెప్పిస్తుంది. హద్దు మీద ఊళ్ళలో ఈ రెండూ కలిపి తెలుగులో కూడా ఇలాంటివి కట్టుకోవచ్చు. నమూనాకు నేనే కట్టినది:

గోదారి గట్టు మీద చల్లని గాలి,
ఫలానా గారి పేరు చెప్పా, వదలండి వాకిలి!

మొదటి పాదానికీ పెళ్ళికొడుకుకూ ఏ సంబంధమూ లేదు, ప్రాస కోసం గాలి వచ్చింది. ఉఖాణాల్లో చాలావాటి తీరు ఇదే. మరి చనువు ఎక్కడుంది? పొగడ్తలో వెతికితే దొరకదు. పేరు ముందు ఆగిన చోట, వినేవాళ్ళ కేరింతలో, 'వదలండి' అన్న విసుగులో వెతకాలి. గాథలో మూడో మనిషి చాటుగా చూశారు, ఇక్కడ ఊరంతా ఎదురుగా నిలబడి వింటోంది.

ఉఖాణాలు పెళ్ళితో అయిపోవు. సంక్రాంతి నెలలో హళదీ-కుంకూకు (పసుపు కుంకుమల పేరంటానికి) పిలిచినప్పుడు పెళ్ళయి పాతికేళ్ళయిన ఆడవాళ్ళతో కూడా చెప్పిస్తారు. మీ పిన్నినో, పెద్దమ్మనో అడిగి పెళ్ళినాడు చెప్పింది ఒకటి, ఇప్పుడు చెప్పేది ఒకటి రాసుకోండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి, పైన చేసిన పనులన్నీ అదే వరసలో చేయండి. మరాఠీలో చెబితే మరాఠీలోనే రాసుకోండి, తెలుగు చేయబోతే ముందు పోయేది ప్రాసే.